ఐసుపెట్టె మీద నీళ్ల గ్లాసు

"అది నా జీపు ఎక్కది," అన్నాడు రామలింగం. "ఎక్కిందంటే నేను దిగుత."

అది అంటే వాకిట్లో గోనెపట్టా మీద కూర్చున్న కిరోసిన్ ఫ్రిజ్. పెద్ద ట్రంకుపెట్టెంత ఉంటుంది. తెల్లరంగు అక్కడక్కడా పెచ్చులూడింది. అడుగున చిన్న దీపం, వెనక పొగ పోయే గొట్టం. అనసూయ తమ్ముడు భాస్కర్ హనుమకొండలో ఒక అడవి కంట్రాక్టరును బతిమాలి వారం రోజులకని అడిగి తెచ్చాడు.

వరంగల్ బజారు సగానికి ఐసు అమ్మే ఇంట్లోకి చల్లదనం బయటినుంచి వచ్చింది. రామలింగానికి అది మింగుడు పడలేదు.

"ఎందుకెక్కది మామా?" అనసూయ తలుపు చాటునుంచే అడిగింది. పెళ్లయి పదమూడేళ్లయినా మామగారి ఎదుట గడప దాటి మాట్లాడిన మనిషి కాదు. "కళావతి మందు దాంట్లనే రావాలె. లేకుంటే పొల్లను పంప."

"మరి మొక్కు?"

"మొక్కు అత్తమ్మది. నాది గాదు."

వసారాలో బియ్యం ఏరుతున్న మొగిలమ్మ చెయ్యి ఆగింది. కోడలి వైపు చూడలేదు. చేటలో రాయి దొరికినట్టు వేలితో ఒకే చోట వెతుకుతూ కూర్చుంది.

ఆ మొక్కు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పోయిన ఏడు కళావతికి కూడా తండ్రికున్న షుగరు జబ్బే అని తేలింది. పదేళ్ల పిల్ల రెండు రోజులు దవాఖాన మంచం మీద కళ్లు తెరవలేదు. మనుమరాలు బతికితే సమ్మక్క జాతరకు తీసుకొచ్చి తక్కెట్లో కూర్చోబెట్టి ఎత్తుకు ఎత్తు బెల్లం ఇచ్చుకుంటానని మొగిలమ్మ మొక్కుకుంది. పిల్ల బతికింది. పొద్దున్నే తల్లి ఇచ్చే ఇన్సులిన్ సూది మీద ఆ పిల్ల రోజు నడుస్తోంది. ఎల్లుండి పొద్దున బండి కదలాలి. మేడారం అడవిలో నాలుగు రోజులు డేరా వేసుకుని ఉండాలి. ఆ జనంలో ఇరుక్కున్న బండి మధ్యలో వెనక్కి తిరగదు. నాలుగు రోజులూ మందుసీసా చల్లగా ఉండాలి. ఉండకపోతే ఏమవుతుందో ఈ ఇంటికి ఒకరు చెప్పనక్కర్లేదు.

కిందటి జాతరకు ఈ ఇంటి కొడుకు వీరేశం అట్లాగే వెళ్లాడు. అతని మందు తండ్రి చేయించిన ఐసుపెట్టెలో వెళ్లింది. మూడో రోజు పొద్దున దాహమన్నాడు. ఎన్ని నీళ్లు తాగినా దాహమే అన్నాడు. నాలుగో రోజు అదే జీపులో శవమై వచ్చాడు.

మాటిమాటికి మూత తీసి చల్లదనం పోగొట్టింది కోడలే అని రామలింగం తేల్చాడు. చుట్టాలు తలలూపారు. రెండేళ్లుగా ఆ తీర్పు ఇంట్లో ఉప్పులాగా అన్ని మాటల్లోనూ కలుస్తూనే ఉంది.

"నా పెట్టె ఏం తప్పు జేసింది?" రామలింగం గొంతు పెంచాడు. "మీద టేకు చెక్క, లోపట జింకురేకు, నడుమ బెత్తెడు మందాన ఊక. నాలుగో దినం దాంక నా పెట్టెల ఐసు కరుగది. గీ డబ్బాకేమో దీపం ఆరితే పానం పోతది. అడివిల గ్యాస్‌నూనె ఎవడు పోత్తడు? అద్దుగో, ఎల్లస్వామినే అడుగున్రి. నాలుగో నాడు గూడ ఐసుండెనా, లేదారా?"

జీపు డ్రైవరు ఎల్లస్వామి భుజం మీది తువ్వాల తీసి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడూ బండి నడిపింది అతనే.

"ఉండె సేటూ," అన్నాడు మెల్లగా. "సగం గడ్డకంటె ఎక్కువనే ఉండె."

ఆ గడ్డ ఏమైందో అందరికీ తెలుసు. పగలగొట్టి, గోనెల్లో కట్టి, వీరేశం చుట్టూ పేర్చుకుని ఇంటికి తెచ్చింది దాన్నే.

అనసూయ గడప దాటి వాకిట్లోకి వచ్చింది.

"మామా, ఒక్కటడుగుత. నాలుగో దినం దాంక ఐసు కరుగలేదంటున్రు. నేను మూతలు తీసి చల్లదనమంత పోగొట్టిన్నని గూడ మీరే అంటున్రు. రెండు ముచ్చట్లు ఎట్లయితయ్?"

ఇంత చిన్న ప్రశ్న రెండేళ్లలో ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అనసూయకే తట్టలేదు. పదిమంది అంటూ ఉంటే తానే చంపుకున్నానని ఆమె కూడా నమ్మింది. నమ్మి, బొట్టు తీసిన నుదురు వంచుకుని వంటింట్లో బతికింది.

రామలింగం పెట్టె ఉన్న గోదాము వైపు తిరిగాడు.

"గట్లయితే ఒక పని జేద్దాం," అన్నాడు భాస్కర్, గొడవ ఇంకో మెట్టు ఎక్కకుండా. "తారీఖు దాటిన మందుసీసాలు రెండు అక్క దగ్గర ఉన్నయ్. ఒకటి పెట్టెల వెడుదాం, ఒకటి ఫ్రిడ్జ్‌ల వెడుదాం. రేపు పొద్దుగూకంగ తీసి సూద్దాం. ఏది మంచిగుంటే అది జీపెక్కుతది. అసలైతే డాక్టరు ఏమన్నడంటే, గిది చలికాలమే గద, తడిగుడ్డ చుట్టిన కొత్తకుండల వెట్టినా సాలన్నడు."

"కుండనా?" రామలింగం నవ్వాడు. "ఐసు రామలింగం మనుమరాలికి కుండనా?"

"కుండ వద్దు," అంది అనసూయ కూడా వెంటనే. మామా కోడళ్లు ఒక్క మాట మీద నిలబడింది రెండేళ్లలో అప్పుడే. మట్టికుండను నమ్మే ధైర్యం ఇద్దరికీ లేదు.

పెట్టెను గోదాములోంచి బయటికి తేవడానికి ముందు మొగిలమ్మ లేచి లోపలికి వెళ్లింది. పెట్టె మూత మీద ఇత్తడి గ్లాసు ఉంది, నిండా నీళ్లతో. రోజూ పొద్దున ఆమె ఆ గ్లాసు నింపి అక్కడ పెడుతుంది. సాయంత్రానికి నీళ్లు వేలెడు తగ్గుతాయి. ఎండకో, పిచ్చుకలకో తగ్గుతాయని అందరికీ తెలుసు. మొగిలమ్మకు మాత్రం వేరే సంగతి తెలుసు. ఖాళీగా ఉన్న పెట్టె కూడా ఎండకు చెక్క సాగి అప్పుడప్పుడు టక్‌మంటుంది. "లోపటనించి కొడ్తాండు, దూపైతాందేమో," అంటుందామె, పోయిన కొడుక్కి దాహమేస్తోందని. రామలింగం కసురుతాడు. చెక్క కాక ఇంకేం చప్పుడవుతుందని తిడతాడు.

ఇప్పుడామె గ్లాసు తీసి, వాకిట్లోకి తెచ్చి గోడ పక్కన పెట్టింది. ఒక చుక్క కూడా ఒలకనివ్వలేదు.

రామలింగం పెట్టెను ఇంటి పక్కనే ఉన్న తన ఐసు డిపోలోకి మోయించి, తలుపు మూసుకున్నాడు. ఐసు సర్దే పని అతనెప్పుడూ ఒకరికి చూపించడు. నలభై ఏళ్ల కింద నెత్తిన కుల్ఫీ డబ్బా పెట్టుకుని జాతరజాతరా తిరిగి బతుకు మొదలుపెట్టిన మనిషి. ఆ చేతిపని ఇంకొకరి కంట్లో పడితే తన అన్నం పోతుందని అతని నమ్మకం. లోపల గడ్డలు కొట్టే చప్పుడు అరగంట వినిపించింది.

ఇవతల భాస్కర్ ఫ్రిజ్‌ను సరి చేస్తున్నాడు. పళ్లెంలో నీళ్లు పోసి దాని నెత్తిన పెట్టి, ఏ పక్కకూ ఒరగకుండా అడుగున చెక్కముక్కలు దోపాడు. వత్తి వెలిగించాడు. నీలంమంట నిలబడింది. చల్లబడడానికి సగం రోజు పడుతుందన్నాడు.

"అక్కా, సీసా కింది అరల వెట్టు. గా మీది అర దగ్గర వెట్టకు, అక్కడ ఐసు గడ్తది. మందు ఒక్కపారి గడ్డగడితే ఇగ అది నీళ్లతోని సమానమట. కరిగినంక పాలు ఇరిగినట్టు తెల్లగ తునకలైతదట. డాక్టరు రెండుసార్లు జెప్పిండు."

"మంచిది," అంది అనసూయ. ఆమె చూపు దీపం మీద ఉంది. మాట చెవిన పడింది, లోపలికి దిగలేదు.

వంటింట్లోంచి మొగిలమ్మ గొంతు వినిపించింది. "ఉప్పు జాడీ ఎవలు తీసిన్రే? సగమయింది."

ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం కళావతి ఆటలోంచి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, దూపైతాంది," అంది. వాకిలంతా బిగుసుకుపోయింది. అనసూయ పిల్ల నుదురు, చేతులు తడిమింది. రామలింగం డిపో గడపలో నిలబడిపోయాడు. పిల్ల ఒక్క గ్లాసు తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ ఆటకు పోయింది. ఆ ఇంట్లో దాహం అనే మాట పిల్లలు కూడా ఆలోచించి అనాల్సిన మాట అయింది.

మర్నాడు పొద్దున, నడిచే బండిలో దీపం నిలుస్తుందో లేదో చూడాలని ఫ్రిజ్‌ను జీపులో ఎక్కించి ములుగు రోడ్డు మీద రెండు గంటలు తిప్పారు. అనసూయ దాని పక్కనే కూర్చుంది. మొదటి గుంతకే దీపం ఆరింది. బండి ఆపి వెలిగించారు. రెండోసారి మంట ఎర్రగా లేచి గొట్టంలోంచి నల్లపొగ వచ్చింది. మూడోసారి ఎల్లస్వామి, "అమ్మా, నడిచే బండ్ల దీపం వెట్టుడు మంచిది గాదు, పెట్రోలుంటది," అన్నాడు. ఆర్పేశారు. ఇంటికి వచ్చేసరికి అనసూయ వేళ్లు, కొంగు, చెంప మసిబారి ఉన్నాయి.

రామలింగం చూశాడు. డిపో తలుపు గొళ్లెం ఒకసారి లాగి చూసుకున్నాడు. ఆ లాగడంలోనే గెలిచిన సంతోషమంతా ఉంది. అనసూయకు ఏడుపొచ్చింది. పిల్ల ప్రాణం దేంట్లో పెట్టి తీసుకుపోవాలో తెలియక వచ్చిన ఏడుపు అది. ఆరిపోయే దీపాన్ని నమ్మలేదు. మొగుణ్ణి తిన్న పెట్టెను నమ్మలేదు.

పొద్దు వాలుతుండగా అందరూ వాకిట్లో చేరారు.

ముందు ఫ్రిజ్ తెరిచారు. భాస్కర్ సీసా తీసి అక్క చేతిలో పెట్టాడు. బావినీళ్లంత చల్లగా ఉంది, అంతే. దీపం మళ్లీ వెలిగించి ఆరు గంటలైనా మునుపటి చల్లదనం రాలేదు.

"గిదేనా?" అన్నాడు రామలింగం. "కళావతీ, రా బిడ్డ. నువ్వే తియ్యి తాత పెట్టె."

మూత లేవగానే తెల్లటి ఆవిరి పిల్ల మొహానికి కొట్టింది. పెద్ద గడ్డలు రంపపు పొట్టులో కప్పి ఉన్నాయి. ఒక మూల చిన్న అర, అందులో ఐసుముక్కల మధ్య మూతడబ్బా. కళావతి చెయ్యి పెట్టి, చలికి కెవ్వుమని నవ్వి, డబ్బాలోంచి సీసా తీసింది. ఊపి చూసింది. చప్పుడు కాలేదు.

"రాయి తీర్గ అయింది తాతా. గడ్డగట్టింది. నీ పెట్టె గెలిచింది."

రామలింగం నవ్వాడు. కొడుకు పోయాక ఆ ఇంట్లో అతను నోరారా నవ్వడం అదే మొదలు. "సూసినవా భాస్కర్? నీ డబ్బా సల్లగ జేసింది. నా పెట్టె గడ్డ గట్టిచ్చింది."

భాస్కర్ సీసా వైపు చూశాడు. అక్క వైపు చూశాడు.

అనసూయ సీసా అందుకుంది. ఆమె అడగకుండానే చేతులు ఆ పని చేశాయి. కొంగులో చుట్టి, రెండు అరచేతుల మధ్య పెట్టి నలపసాగింది. మేడారంలో రెండో రోజు పొద్దున ఇట్లాగే చేసింది. సీసా ఇట్లాగే రాయిలా ఉంది. మామగారి పెట్టె ఎంత మంచిదో అని ఆ పొద్దున ఆమెకు సంబరం కలిగింది. డేరా బయట కూర్చుని, కొంగులో కరిగించి, తెల్లటి తునకలు తేలుతుంటే బాగా కలిపి, మొగుడి చేతికి సూది వేసింది. మూడో నాడు కూడా వేసింది.

సీసా కరిగింది. వెలుతురుకు ఎత్తి చూసింది. విరిగిన పాలలాగా తునకలు తిరుగుతున్నాయి.

ముందు ఆమెకు కలిగింది సంతోషం. సిగ్గుపడాల్సినంత సంతోషం. నేను కాదు, మూత తీయడం కాదు, నేను కాదు. రెండేళ్ల బరువు ఒక్కసారి దిగింది. దిగిన మరుక్షణం ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఆ గడ్డను కరిగించిన చేతులు ఎవరివి?

"నీళ్లు ఉప్పగున్నయ్," అంది కళావతి, డబ్బా తడి అంటిన వేలు నాకుతూ.

"ఉప్పగనే ఉంటయ్," అన్నాడు రామలింగం. గెలుపు అతన్ని మాట్లాడించింది. నలభై ఏళ్లు దాచుకున్న పనితనం అందరి ముందూ విప్పాడు. "కుల్ఫీ గట్టేటోళ్ల పని గిది. ఉట్టి ఐసు ఒక లెక్క, దొడ్డుప్పేసిన ఐసు ఒక లెక్క. చలి రెండింతలైతది. మందు డబ్బా సుట్టు రెండు దోసిళ్లు ఏసిన. గప్పుడు గూడ ఏసిన. నా కొడుకు పానం గద అండ్ల ఉన్నది. జర్ర గూడ యేడి తగులొద్దనుకున్న."

"మామా," అన్నాడు భాస్కర్. "డాక్టరు ఏమన్నడంటే..."

"నువ్వు ఊకో భాస్కర్," అంది అనసూయ.

ఆ గొంతు విని రామలింగం తిరిగి చూశాడు. కోడలి చేతిలో సీసా చూశాడు. అందులో తిరుగుతున్న తెల్లతునకలు చూశాడు. భాస్కర్ దించుకున్న తల చూశాడు. వ్యాపారం చేసి తల నెరసిన మనిషి. సరుకు చెడింది అని చెప్పడానికి అతనికి ఇంకొకరు అక్కర్లేదు.

"ఏమన్నడు డాక్టరు?"

అనసూయ సీసాను కొంగు చాటుకు తెచ్చుకుంది.

"ఏమన్నడు పిలగా?"

"గడ్డగడితే ఇగ అది మందు గాదన్నడు," అన్నాడు భాస్కర్. "నీళ్లతోని సమానమన్నడు."

రామలింగం పెట్టె వైపు చూశాడు. తరవాత ఎన్నడూ లేనిది కోడలి మొహంలోకి నేరుగా చూశాడు.

"అనసూయా. గప్పుడు గూడ గిట్లనే ఉండెనా?"

ఒక్క మాట చాలు. లేదు అంటే ముసలాయన ఈ రాత్రికి బతుకుతాడు, ఆమె నింద ఆమె దగ్గరే ఉంటుంది. ఉంది అంటే రెండేళ్ల అవమానం తీరుతుంది. మామగారి కళ్లు బతిమాలుతున్నాయి. అయితే ఆయన లేదనమని అడుగుతున్నాడో, నిజం చెప్పమని అడుగుతున్నాడో ఆమెకు తెలియలేదు. పెట్టె పక్కన నిలబడి నవ్వుతున్న కూతుర్ని చూసింది. అబద్ధమాడితే రేపు పొద్దున ఆ ఉప్పు మళ్లీ పడుతుంది, ఈసారి కాకపోతే పైసారి.

"ఉండె మామా," అంది. "గిట్లనే ఉండె. నేనే కొంగుల వెట్టి కరిగిచ్చిన. నా చేతులతోనే సూది ఇచ్చిన. మనిద్దరం కలిసి..."

రామలింగం అరుగు మీద కూర్చున్నాడు.

"జర నీళ్లియ్యున్రి," అన్నాడు. "దూపైతాంది."

మొగిలమ్మ అప్పటివరకూ గోడకు ఆనుకుని నిలబడే ఉంది. ఆ మాటకు వంగి, చేతికి దగ్గరున్న గ్లాసు అందుకుని మొగుడికి ఇచ్చింది. ఆయన సగం తాగాడు.

"బాపమ్మా," అంది కళావతి నాయనమ్మతో. "అది మా బాపు గ్లాసు."

మొగిలమ్మ చెయ్యి చాపింది తిరిగి తీసుకోవడానికి. చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. రామలింగం గ్లాసును గుండెకు ఆనించుకుని పట్టుకున్నాడు.

ఏం జరుగుతోందో తెలియని ఎల్లస్వామి గేటు దగ్గరినుంచి తాళ్లకట్ట తెచ్చాడు. "సేటూ, పొద్దుగాలకు ఏది కట్టాలె? పెట్టెనా, ఫ్రిడ్జా?"

పెట్టెలో ఎక్కడో ఒక గడ్డ కరిగి, పక్కకు ఒరిగి, చెక్కకు టక్‌మని తగిలింది.

ఈసారి మొగిలమ్మ ఏమీ అనలేదు. లేచింది రామలింగం. పెట్టె దగ్గరికి నడిచి, రెండు చేతులతో మూత ఎత్తి, ఆవిరిలోకి మొహం వంచాడు.

"ఏం బిడ్డా వీరేశం," అన్నాడు. "దూపైతాందా?"

గ్లాసులో మిగిలిన నీళ్లు లోపల పోశాడు.